చాకు పిడి మీద మూడు గీతలు

తూనీగ మడత చాకును చెవికి ఆనించుకుని వింటోంది.

కళ్ళు మూసుకుంది. ఊపిరి కూడా బిగబట్టింది. చాకు ఏమీ అనలేదు. దాన్ని రెండో చెవికి మార్చి చూసింది. అక్కడా అంతే. వంటింట్లో కుళాయి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

“ఏం చేస్తున్నావే?” అంటూ అమ్మ తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“ష్. చాకు చెబుతుందట. తాతయ్య అన్నాడు.”

“ఏం చెబుతుందట?”

“అదే తెలీట్లేదు.”

అమ్మ తాతయ్య వైపు చూసింది. తాతయ్య తనకేమీ పట్టనట్టు కళ్ళద్దాలు తీసి, అప్పటికే శుభ్రంగా ఉన్నవాటిని మళ్ళీ తుడుచుకున్నాడు.

తూనీగ అసలు పేరు బళ్ళో హాజరు వేసే టీచరుకు తెలుసు. ఇంట్లో మాత్రం ఆ పేరు ఎవరూ వాడరు. ఒక్కచోట కుదురుగా కూర్చోదని తాతయ్య చిన్నప్పుడే ఈ పేరు పెట్టేశాడు. నిజానికి ఆమె కుదురుగా కూర్చునే చోటు ఒకటుంది. అది తాతయ్య పనిబల్ల పక్కనున్న పొట్టి స్టూలు. దాని మీద కూర్చుంటే అన్నానికి పిలిచినా లేవదు.

తాతయ్య ఒకప్పుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రిటైరయ్యాక ఆయన ఊరుకున్నా ఆయన చేతులు ఊరుకోలేదు. పాత ఇనుప సామాన్ల కొట్టాయన విరిగిన మడత చాకులు దొరికితే ఆయన కోసం తీసి పక్కన పెడతాడు. తాతయ్య వాటిని ఇంటికి తెచ్చి, విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు వదిలించి, మళ్ళీ బిగిస్తాడు. బాగైన చాకులు సొరుగులో ఒక్కోటి ఒక్కో గుడ్డముక్క చుట్టుకుని పడుకుంటాయి. కొమ్ము పిడివి, చెక్క పిడివి, ఇత్తడివి. చిటికెనవేలంత చాకు కూడా ఒకటుంది.

బల్ల దగ్గర ఒకటే నియమం. బ్లేడు తెరిచి ఉంటే ఆ చాకు తాతయ్యది. మూసి ఉంటే తూనీగ ముట్టుకోవచ్చు. ఈ నియమాన్ని తూనీగ ఏనాడూ తప్పలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ రోజు జరిగిన గొడవంతా మూసిన చాకుతోనే జరిగింది.

ఆ రోజు శనివారం, బడి లేదు. పొద్దున తాతయ్య ఒక ఇత్తడి పిడి చాకును ముఖం కనిపించేదాకా రుద్దాడు. ఆ తర్వాత కొమ్ము పిడి చాకు ఒకటి తీశాడు. దాని బ్లేడు నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంది. దాన్ని మాత్రం నూనెగుడ్డతో ఒక్కసారి తుడిచి పక్కన పెట్టేశాడు.

“దాన్ని రుద్దవా?” అంది తూనీగ.

“వద్దు.”

“ఇత్తడిదాన్ని రుద్దావుగా?”

“దాన్ని రుద్దాలి.”

“మరి దీన్ని?”

“దీన్ని రుద్దకూడదు.”

“ఎందుకు?”

తాతయ్య తల గోక్కున్నాడు. చేతలతో చెప్పమంటే ఏదైనా చెబుతాడు గానీ మాటలతో చెప్పమంటే ఆయనకు చెమటలు పడతాయి. “ఏది రుద్దాలో, ఏది వదిలెయ్యాలో చాకే చెబుతుందే. మనం వినాలి, అంతే,” అన్నాడు.

అందుకే తూనీగ వింటోంది.

“మీ చాకుల కబుర్లు తర్వాత చెప్పుకుందురు గానీ, నాన్నా, ఆ ప్యాంటు ఇలా ఇవ్వు,” అంది అమ్మ. “మళ్ళీ జేబు చిరిగింది. కుట్టీ కుట్టీ నా వేళ్ళు చిల్లులు పడుతున్నాయి.”

జేబు చిరగడానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్య రోజూ వెంట వేసుకు తిరిగే చాకు ఒకటుంది. సొరుగునిండా అంత చక్కటి చాకులుంటే ఆయన మోసేది మాత్రం అన్నిటికన్నా అనాకారి చాకు. దాని పిడి ఒకవైపు పగిలింది. పిడిని పట్టి ఉంచే చిన్న మేకుల్లో ఒకటి వంకరగా దిగి, తల బయటికి పొడుచుకొచ్చింది. జేబులన్నిటికీ చిల్లులు పెడుతున్నది ఆ మేకే.

“దొరికిన ప్రతి చాకునూ బాగుచేస్తావు. నీ జేబులోని ఆ వంకర మేకు పీకి ఇంకోటి కొట్టలేవా?” అంది అమ్మ.

“కొట్టొచ్చు,” అన్నాడు తాతయ్య. కొడతానని మాత్రం అనలేదు.

తూనీగకు ఇదీ అర్థం కాలేదు. బాగుచేయడం వచ్చినాయన తన చాకును ఎందుకు బాగుచేసుకోడు? చేతిలోని చాకును మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. ఆ సంగతి కూడా చాకు చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధి తలుపు చప్పుడైంది. గులాబీల అత్త వచ్చింది.

ఆవిడ ఈ ఇంటికి చుట్టమేమీ కాదు. వీధి చివర గులాబీ మొక్కల నర్సరీ ఉంది, అది ఆవిడదే. చిన్నప్పటి నుంచీ తాతయ్యను బాబాయ్ అని పిలుస్తుంది. ఆ వరసన తూనీగకు పిన్ని కావాలి గానీ, వీధిలో పిల్లలందరికీ అత్తే కాబట్టి తూనీగకూ అత్తయింది. ఆవిడ చేతుల నిండా ముళ్ళ గీరలు ఉంటాయి. ఒకటి మానేలోపు ఇంకోటి పడుతుంది.

“బాబాయ్, దీని బ్లేడు ఊగుతోంది, చూడండి,” అంటూ ఒక చెక్క పిడి చాకును బల్ల మీద పెట్టింది. “నిన్నటిదాకా ఎలాగో నెట్టుకొచ్చాను. పొద్దున కోస్తుంటే పక్కకి జారింది. వేలు తెగాల్సింది, తప్పింది. సాయంత్రానికి అవుతుందా? రేపంతా అంటు కట్టే పనుంది.”

ఒక గులాబీ పుల్లను కోసి ఇంకో గులాబీ మొక్కకు అతికించి, రెండూ ఒకే మొక్కగా పెరిగేలా చేయడాన్ని అంటు కట్టడం అంటారు. గులాబీల అత్త అందులో ఆరితేరిన మనిషి.

“అవుతుందిలే. బ్లేడు ఒక్కటేగా?” అన్నాడు తాతయ్య.

“అంతే బాబాయ్. సాయంత్రం వస్తాను,” అని ఆవిడ హడావిడిగా వెళ్ళిపోయింది.

తాతయ్య చాకును బల్లకు అమర్చిన ఇనుప బిగింపులో పెట్టి, చిన్న సుత్తితో బ్లేడు దగ్గరున్న మేకు మీద మెల్లగా తట్టాడు. తీసి చూశాడు. ఇంకా ఊగుతోంది. మళ్ళీ తట్టాడు. ఈసారి బ్లేడు తెరిస్తే ‘టక్’మంది, మూస్తే ‘టక్’మంది. ఆ చప్పుడంటే తూనీగకు ఎంతో ఇష్టం. పని అయిపోయిందని దాని అర్థం.

తాతయ్య చాకును మూసి తూనీగ చేతికిచ్చాడు. “పిడికి కాస్త నూనె పట్టించి తుడిచి పెట్టు. సీసా అడుగున ఉన్నది నీకు సరిపోతుంది. నేను కొట్టుకెళ్ళి ఇంకో సీసా తెస్తాను,” అని చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

తూనీగ పిడిని వెలుతురుకు తిప్పి చూసింది.

అబ్బ, ఎంత మురికి. చెక్క ఏ రంగో కూడా తెలియడం లేదు. మట్టి, చెమట కలిసి నల్లగా జిడ్డు పట్టింది. పైగా పిడి అంచున మూడు గీతలు ఉన్నాయి. ఎలుక కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒకటి చివరికి దగ్గరగా, ఒకటి కొంచెం దూరంగా, ఇంకోటి ఇంకా దూరంగా.

నూనె రాసి ఊరుకుందామనే అనుకుంది. అప్పుడే మొన్నటి సంగతి గుర్తొచ్చింది. మొన్న ఇత్తడి చాకు తుడవమంటే తుడిచి, ఒక మూల చిలుము అలాగే వదిలేసింది. తాతయ్య చూసి, “ఆ మూల ఎవరికి వదిలేశావు? చేస్తే పూర్తిగా చెయ్యాలి,” అన్నాడు. ఆ మాటకు ఆమె రోజంతా ముఖం మాడ్చుకుని తిరిగింది.

తూనీగ గులాబీల అత్త చాకును చెవి దగ్గర పెట్టుకుంది. ఈసారి అది నిజంగానే ఏదో అన్నట్టనిపించింది. ‘నా అవతారం చూడు, ఎలా ఉన్నానో’ అన్నట్టనిపించింది. మనకు కావాల్సిన మాట మనకు భలే వినిపిస్తుంది లెండి.

ఆమె గరుకు కాగితం తీసుకుంది. మూసిన చాకును బల్ల అంచుకు ఆనించి పట్టుకుని రుద్దింది. ముందు నలుపు పోయింది. లోపలి నుంచి ఎర్రటి చెక్క బయటపడింది. ఎంత బాగుందో. ఇంకా ఉత్సాహం వచ్చి, గీతల మీద రుద్దింది. మొదటి గీత పోయింది. రెండోది పోయింది. మూడోది లోతుగా ఉంది, ఎంతకీ పోలేదు. వేళ్ళు మండాయి. అయినా వదలకుండా రుద్దింది. చివరికి అదీ పోయింది. మెత్తటి కాగితంతో ఇంకోసారి రుద్ది, నూనె పట్టించి, పొడిగుడ్డతో తుడిచింది. పిడి కొత్త బొమ్మలా మెరిసిపోతోంది.

తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద చాకును సరిగ్గా మధ్యలో పెట్టి, చేతులు కట్టుకుని తాతయ్య కోసం ఎదురుచూసింది.

తాతయ్య నూనె సీసాతో లోపలికొచ్చాడు. బల్ల వైపు చూశాడు. ఆగిపోయాడు.

ఆయన ముఖం చూస్తే తిట్టబోతున్నట్టు లేదు. మెచ్చుకోబోతున్నట్టూ లేదు. చాకును తీసి అటూ ఇటూ తిప్పాడు.

“గీతలేవే?”

“పోయాయి,” అంది తూనీగ గర్వంగా. “మూడోది మహా మొండిది. అయినా వదల్లేదు. పూర్తిగా చేశాను.”

తాతయ్య కూర్చున్నాడు. పక్కనే తన కుర్చీ ఉన్నా, చూసుకోకుండా తూనీగ స్టూలు మీద కూర్చున్నాడు. తానెక్కడ కూర్చోవాలో తూనీగకు పాలుపోలేదు.

“ఆ గీతలు ఎందుకున్నాయో నీకు తెలుసా?” అన్నాడు తాతయ్య.

“తెలీదు. నీకు?”

“నాకూ తెలీదు.”

“మరింకేం?”

“తెలీనప్పుడు ముట్టుకోకూడదే.”

“ఇత్తడి చాకు మీద కూడా గీతలున్నాయి. అవెందుకున్నాయో నీకు తెలీదు. అయినా రుద్దేశావు.”

“అది పాత సామాన్లలో దొరికింది. దానికి ఎవరూ లేరు.”

“కొమ్ము పిడిది కూడా పాత సామాన్లలోనే దొరికింది. దానికీ ఎవరూ లేరు. దాన్నెందుకు వదిలేశావు?”

“అది వేరే సంగతి. బ్లేడు మీద ఆ నలుపు దుప్పటి లాంటిది. తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఎర్రగా ఉంటే తుప్పు, తీసెయ్యాలి. నల్లగా ఉంటే ఉంచాలి.”

“ఈ పిడి నల్లగానే ఉంది.”

“పిడి మీద ఉన్నది మురికి.”

“మురికైతే తియ్యాలిగా?”

“తియ్యొచ్చు. అంటే, కొన్నిసార్లు.”

“తాతయ్యా, నాకు బుర్ర తిరుగుతోంది.”

“నాకూ తిరుగుతోందే,” అన్నాడు తాతయ్య నిజాయితీగా.

తూనీగకు ఏడుపొచ్చింది. మొన్నేమో వదిలేస్తే తప్పు. ఇవాళ వదలకపోతే తప్పు. వేళ్ళు మండేదాకా చేసింది ఆటకు కాదు, అల్లరికి కాదు. మంచిగా చేద్దామనే చేసింది. మంచిగా చేసిన పని ఇలా ఎలా తయారైందో ఎంత ఆలోచించినా అందలేదు. దానికితోడు ఇంకో భయం పట్టుకుంది. ఇక తాతయ్య తనను బల్ల దగ్గరికి రానివ్వడేమో. ఆ పొట్టి స్టూలు తీసి అటక మీద పెట్టేస్తాడేమో.

“సాయంత్రం ఆవిడొస్తే నేను చెబుతాలే,” అన్నాడు తాతయ్య. “నా బల్ల మీద జరిగింది. తప్పు నాదే.”

ఆ మాటతో తూనీగకు ధైర్యం రావాలి కదా. రాలేదు. తాతయ్య గరుకు కాగితం ముట్టుకోనే లేదు. మరి తప్పు ఆయనదెలా అవుతుంది?

వంటింట్లోకి వెళ్ళి అమ్మ కొంగు పట్టుకుంది. “అమ్మా, శుభ్రం చెయ్యడం తప్పా?”

“నీ గది శుభ్రం చెయ్యమని నెల రోజులుగా మొత్తుకుంటున్నాను. ఇప్పుడు అడుగుతున్నావా?” అంది అమ్మ. ఆవిడకు విషయం తెలియదు మరి. తూనీగ తికమక ఇంకాస్త పెరిగింది.

సాయంత్రం గులాబీల అత్త చేతిలో బుట్టతో వచ్చింది. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మధ్యలో ఎర్రగా మెరిసే చాకు ఉన్నాయి. ఆవిడ దాన్ని చూసింది. చూసి, బల్లంతా వెతికింది.

“నా చాకేది బాబాయ్?” అంది.

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. తూనీగకు ఆ గొంతులోంచి ఏం మాట రాబోతోందో తెలుసు. ఆయన నోరు తెరిచేలోపే తాను అనేసింది.

“అదే అత్తా. నేనే రుద్దాను. తాతయ్య నూనె రాయమన్నాడు, అంతే. మిగతాదంతా నేనే చేశాను.”

గులాబీల అత్త బుట్ట కింద పెట్టింది. చాకును చేతిలోకి తీసుకుంది. తిట్టలేదు. బొటనవేలితో పిడి అంచు మీద తడిమింది. చివరి నుంచి మధ్యకు, మధ్య నుంచి చివరికి. చీకట్లో స్విచ్చు కోసం వెతుకుతున్నట్టు ఆ వేలు మళ్ళీ మళ్ళీ వెతికింది.

“ఇక్కడ మూడు గీతలుండాలి,” అంది మెల్లగా.

“ఎలుక కొరికిందనుకున్నాను,” అంది తూనీగ.

“ఎలుక కాదే, మా అమ్మ.” ఆవిడ పెదవుల మీదికి నవ్వొకటి రాబోయి ఆగిపోయింది. “నేను నీ ఎత్తున ఉన్నప్పుడు అమ్మ నాకు అంటు కట్టడం నేర్పింది. నేను కట్టింది ఒక్కటీ బతికేది కాదు. పుల్ల చివర ఏటవాలుగా కొయ్యాలి. నేనేమో కోత పొట్టిగా కోసేదాన్ని. అమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఈ చాకు పిడి మీద మూడు గీతలు గీసి నా చేతిలో పెట్టింది. సన్నపుల్లకు మొదటి గీత. మధ్యరకం పుల్లకు రెండోది. లావుదానికి మూడోది. పుల్లను పిడికి ఆనించి, గీత దగ్గర గోటితో గుర్తు పెట్టుకుని కోస్తాను. కోత సరిగ్గా వస్తుంది. ఇన్నేళ్ళూ అలాగే కోశాను.”

తూనీగ ఆవిడ చేతిలోని నున్నటి పిడిని చూసింది. ఇందాక అంత అందంగా కనిపించింది. ఇప్పుడు చూడబుద్ధి కాలేదు.

“కొలతలు చెప్పమ్మా. సన్నటి ఆకురాయి ఉంది, గీతలు మళ్ళీ పెట్టి ఇస్తాను,” అన్నాడు తాతయ్య.

“కొలతలు నాకెక్కడ తెలుసు బాబాయ్? గీతలుండగా స్కేలు పెట్టి ఎప్పుడు కొలిచాను గనక?”

“సారీ అత్తా,” అంది తూనీగ.

గులాబీల అత్త ఆమె వైపు చూసింది. “పర్వాలేదు అనాలనే ఉందమ్మా. కానీ నాకు బాధగా ఉంది. లేదని అబద్ధమెందుకు చెప్పాలి?”

తూనీగ బిత్తరపోయింది. సారీ అంటే పెద్దవాళ్ళు పర్వాలేదంటారు. అక్కడితో ఆ సంగతి అయిపోతుంది. ఇన్నాళ్ళూ ఆమెకు తెలిసింది అదే. పెద్దవాళ్ళు పర్వాలేదనకపోతే ఆ తర్వాత ఏమనాలో ఎవరూ నేర్పలేదు. నేల చూపులు చూసింది. నేల మీద అత్త బుట్ట ఉంది. బుట్టలో తడిగుడ్డ మూట ఉంది. మూటలోంచి ఆకుపచ్చ పుల్లలు తొంగి చూస్తున్నాయి.

“అవేంటత్తా?”

“రేపటికి కోసి పెట్టుకున్న పుల్లలు. పొద్దున కోశాను. వేలు తెగబోయేసరికి ఆపేశాను.”

“ఈ చాకుతోనే కోశారా?”

“దీంతోనే.”

“అంటే గీతలున్నప్పుడే కోశారుగా?”

గులాబీల అత్త తాతయ్య ముఖం చూసింది. తాతయ్య అత్త ముఖం చూశాడు. తూనీగ మూట వైపు చెయ్యి చాపింది. మధ్యలోనే ఆపి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నేను ముట్టుకోవచ్చా?” అంది.

“నేనే తీస్తాను. అవి నలిగితే పనికిరావు,” అని అత్త మూట విప్పింది.

సన్నపుల్లలు కొన్ని, వాటికన్నా కాస్త లావువి కొన్ని ఉన్నాయి. ప్రతి పుల్ల చివరా నాలుకలా ఏటవాలుగా కోసి ఉంది. అత్త ఒక సన్నపుల్ల తీసి, కొసను చాకు పిడి చివరకు సరిగ్గా ఆనించింది. కోత ఎక్కడ మొదలైందో అక్కడ తాతయ్య పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టాడు. ఇంకో పుల్ల పెట్టి చూశారు. అదే గుర్తు. ఇంకోటి పెట్టారు. మళ్ళీ అదే గుర్తు. తూనీగ నోరు తెరుచుకుని చూస్తోంది. తరవాత మధ్యరకం పుల్లలు పెట్టారు. వాటన్నిటికీ కలిపి రెండో గుర్తు పడింది.

“మరి లావువి?” అంది తూనీగ.

“లావువి ఇవాళ కొయ్యలేదు,” అంది అత్త. “వాటి దాకా రానే లేదు.”

తాతయ్య సన్నటి ఆకురాయి తీసుకుని పెన్సిల్ గుర్తుల మీద రెండు గీతలు గీశాడు. గీస్తున్నంతసేపూ తూనీగ ఊపిరి బిగబట్టింది. మెరిసే చెక్క మీద గీతలు పడుతుంటే మధ్యాహ్నమయితే ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడేమో ఇంకాస్త లోతుగా పడితే బాగుండుననిపించింది.

అత్త కళ్ళు మూసుకుని గోటితో తడిమి చూసింది. “మొదటిది అక్కడే. రెండోది కూడా అక్కడే ఉంది,” అంది. గోరు ఇంకా ముందుకు జరిగింది. అక్కడ ఏమీ తగల్లేదు. “మూడోది మాత్రం నేనే కనుక్కోవాలి. కోసి, కట్టి, బతుకుతుందో లేదో చూసుకోవాలి. అమ్మ కూడా మొదట్లో అలాగే కనుక్కుని ఉంటుంది.”

బుట్ట ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, అత్త వెనక్కి తిరిగింది.

“రేపు బడి లేదుగా? నర్సరీకి రా. పుల్లలు అందించే మనిషి కావాలి. చాకు మాత్రం ముట్టుకోవద్దు.”

“మూసున్నా ముట్టుకోను,” అంది తూనీగ.

ఆదివారం ఆమె నర్సరీకి వెళ్ళింది. ఎండ నెత్తికెక్కేదాకా అత్తకు లావు పుల్లలు అందించింది. అత్త ఒక కోత పొడవుగా కోసింది, ఒకటి కాస్త తగ్గించి కోసింది, ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం కట్టింది. ఏ రంగు దారం మొక్క చిగురేస్తే ఆ కొలతే మూడో గీత. అది తెలియడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. ముళ్ళు గీరుకుని తూనీగ చేతులు కూడా అత్త చేతుల్లా తయారయ్యాయి.

అంతా అయ్యాక కూడా తూనీగ బల్ల దగ్గరికి పోలేదు. బడి నుంచి రాగానే వేరే గదిలో కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. ఎవరూ అడక్కుండానే ఆమె హోంవర్క్ చేసుకోవడం చూసి అమ్మకు భయమేసి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

ఒక సాయంత్రం తాతయ్య పనిగది నుంచి పిలిచాడు. “తూనీగా, నీ స్టూలు ఖాళీగా ఉందే.”

“నేను రాను,” అంది తూనీగ గుమ్మం దగ్గరే నిలబడి. “నాకు చాకులు చెప్పేది వినిపించదు. వినిపించినా తప్పుగా వినిపిస్తుంది.”

తాతయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చాకులు చెబుతాయన్నాను చూడు, అది ఉత్తమాటే. నాకు చెప్పడం చేతకానప్పుడల్లా అలా ఏదో ఒకటి అనేస్తుంటాను. లిఫ్టు ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే, దానికి కోపమొచ్చిందండీ అనేవాణ్ణి.”

తూనీగకు నవ్వొచ్చింది. నవ్వితే లోపలికి వెళ్ళాల్సి వస్తుందని ఆపుకుంది. ఆగలేదు. వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

తాతయ్య జేబులోంచి తన చాకు తీసి, మూసి ఉందో లేదో చూసి, ఆమె ముందు పెట్టాడు. “దీనికి నూనె పట్టించు,” అన్నాడు.

అదే, ఆ అనాకారి చాకు. పగిలిన పిడి, పొడుచుకొచ్చిన వంకర మేకు. బల్ల మీద పటకారు చేతికందేంత దూరంలోనే ఉంది. గరుకు కాగితం కూడా ఉంది. ఆ మేకు పీకేస్తే అమ్మకు జేబులు కుట్టే పని తప్పుతుంది. తాతయ్యకు వేలికి గుచ్చుకోవడమూ తప్పుతుంది. తూనీగ చెయ్యి పటకారు మీదికి వెళ్ళి ఆగింది. రెండో చేతిలోని తుడిచే గుడ్డ కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

“తాతయ్యా, ఇందులో ఏది ముట్టుకోకూడదు?”

తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకోవడం కూడా మర్చిపోయి ఆమె వైపు చూశాడు. మళ్ళీ ఏదైనా తప్పుగా అన్నానేమోనని తూనీగ కంగారుపడింది.

“పగిలిన చెక్క మార్చొచ్చు,” అన్నాడాయన. “ఆ జిడ్డు తీసెయ్యొచ్చు. ఆ వంకర మేకు మాత్రం అలాగే ఉండాలి.”

“ఎందుకు? జేబులన్నీ చిరుగుతున్నాయిగా.”

“చిరగనీ. దాన్ని కొట్టిన మనిషి అప్పుడు నీకన్నా పొట్టిది. నేను మంచినీళ్ళు తాగి వచ్చేలోపు నా సుత్తి తీసుకుని నాలుగు దెబ్బలు వేసింది. రెండు దెబ్బలు మేకు మీద, రెండు బల్ల మీద. ‘నాన్నా, నీ చాకు నేనే బాగుచేశాను’ అంది.”

గుమ్మంలో ఏదో కిందపడిన చప్పుడైంది. అమ్మ నిలబడి ఉంది. చేతిలో తాతయ్య ప్యాంటు, సూది ఉన్నాయి. దారపు ఉండ నేల మీద దొర్లుకుంటూ పోతోంది.

“ఆ మేకు కొట్టింది నేనా?” అంది అమ్మ.

“నువ్వే.”

“ఇన్నేళ్ళుగా దాన్ని తిట్టిపోస్తుంటే ఒక్కసారైనా చెప్పలేదేం నాన్నా?”

“పీకెయ్యమన్నావు, పారెయ్యమన్నావు. ఎందుకు ఉంచుకున్నావని అడగలేదుగా,” అన్నాడు తాతయ్య. “మొదటిసారి అడిగింది ఇదిగో, ఇదే.”

అమ్మ వచ్చి తూనీగ పక్కన వంగి చాకును చూసింది. వంకర మేకు తల మీద వేలు పెట్టింది. అది గుచ్చుకుంది. అయినా వెంటనే తియ్యలేదు.

“ఎంత వంకరగా కొట్టానో,” అంది. కళ్ళు తుడుచుకుని, ప్యాంటు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “ఈసారి జేబు లోపల తోలుముక్క వేసి కుడతాను. అప్పుడు చిరగదు.”

తూనీగ గుడ్డ కొసను నూనెలో ముంచింది. పిడినంతా ఒకవైపు నుంచి తుడుచుకుంటూ వచ్చింది. మేకు దగ్గరికొచ్చేసరికి గుడ్డను చూపుడువేలికి చుట్టుకుని, అది ఎటు వంగి ఉందో అటే ఉండేలా, దాని చుట్టూ మెల్లగా తుడిచింది.